శాస్త్రమును పరీక్షించిన శాస్త్రకారుడు: నీలకంఠ సోమయాజి

భారతీయ జ్యోతిశ్శాస్త్ర చరిత్రలో ఒక ప్రశ్న అనేక పర్యాయములు తలయెత్తినది. శాస్త్రము చెప్పిన చోట గ్రహము కనబడనిచో దేనిని విశ్వసింపవలెను? గ్రంథమునా, కంటినా? ఈ ప్రశ్న పండితుల వాదవినోదమునకై పుట్టినది కాదు. తిథి తప్పినచో శ్రాద్ధము తప్పును. సంక్రమణము తప్పినచో పుణ్యకాలము తప్పును. చెప్పిన వేళకు గ్రహణము పట్టనిచో గణకుని మాటయే కాదు, అతడు నమ్మిన గ్రంథపు గౌరవము కూడ మంటగలియును. ఇట్టి సంకటమున కొందరు మౌనము వహించిరి. మరికొందరు అవసరము వచ్చినప్పుడెల్ల పాత లెక్కకు ఒక సంస్కారమును జోడించి పని గడుపుకొనిరి. ఈ ప్రశ్నను ఎదుటికి తెచ్చి, ప్రమాణచర్చగా విస్తరించి, అందుకొరకే ప్రత్యేకముగ ఒక గ్రంథమును రచించినవాడు కేరళదేశీయుడైన నీలకంఠ సోమయాజి. ఆ గ్రంథము జ్యోతిర్మీమాంస. రచనాకాలము క్రీ. శ. 1504.

నీలకంఠుడు క్రీ. శ. 1444 జూన్ మాసమున జన్మించెను. పూర్వపండితులలో పెక్కుమంది జన్మసంవత్సరమునకు ఊహయే ఆధారము. నీలకంఠుని విషయమున ఆ చిక్కు లేదు. సిద్ధాంతదర్పణమను తన గ్రంథమునకు తానే వ్రాసికొనిన వ్యాఖ్యలో, కలియుగాదినుండి గడచిన దినముల సంఖ్యగా తన జన్మదినమును చెప్పుకొనెను. ఆ సంఖ్య 1660181. దినములను లెక్కించుటయే వృత్తియైన వాడు తన పుట్టుకను కూడ అట్లే లెక్కించుకొనుట సహజమే. అతని స్వగ్రామము మలబారు సీమలో తిరూరునకు సమీపముననున్న తృక్కండియూరు. సంస్కృతమున దానిని శ్రీకుండపురమనిరి. గార్గ్యగోత్రీకుడైన నంబూదిరి బ్రాహ్మణుడు. సోమయాగము చేసినవాడగుటచే సోమయాజి. వేదాంతమును రవి అను ఆచార్యునికడ చదివెను. జ్యోతిషమును దామోదరునికడ అభ్యసించెను. ఈ దామోదరుడు దృగ్గణితకర్తయైన పరమేశ్వరుని కుమారుడు. నంబూదిరులలో అగ్రస్థానము వహించిన ఆళ్వాంచేరి తంబ్రాక్కళ్, నేత్రనారాయణుడను బిరుదము గలవాడు, ఇతనికి ఆశ్రయమిచ్చెను.

నీలకంఠుని కీర్తి కేరళపు సరిహద్దులలోనే నిలిచిపోలేదు. తమిళదేశమున వాక్యకరణమునకు వ్యాఖ్య వ్రాసిన సుందరరాజు తన సందేహములను ఇతనికి వ్రాసి పంపెను. వానికి నీలకంఠుడు సమాధానములు వ్రాసి ఒక గ్రంథముగనే కూర్చెను. అది నేడు లభించుట లేదు. సుందరరాజు ఇతనిని షడ్దర్శనములలో పారంగతుడని ప్రశంసించెను. గణితజ్ఞునికి లభించిన ఈ ప్రశంస అలంకారమాత్రము కాదు. నీలకంఠుని గణితమును అర్థము చేసికొనుటకు అతని దర్శనపాండిత్యమే తాళపుచెవి.

ఈ ఆలోచనకు పూర్వరంగము కేరళదేశపు గణకపరంపరలో సిద్ధమైయుండెను. ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున చెప్పిన గ్రహగతులు కాలక్రమమున ఆకాశముతో పొందిక చెడినవి. ఇది ఆర్యభటుని దోషమని చెప్పుటకు వీలులేదు. ఒక గ్రహము ఇన్ని వేల సంవత్సరములలో ఇన్ని పర్యాయములు తిరుగునని చెప్పిన సంఖ్యలో అణుమాత్రము భేదమున్నను, శతాబ్దములు గడచినకొలది అది పేరుకొనుచు తుదకు కంటికి కనబడునంత యగును. క్రీ. శ. 683లో హరిదత్తుడు పరహితగణితమను సంస్కృతపద్ధతిని ఏర్పరచెను. తృక్కండియూరునకు చేరువలోని తిరునావాయ క్షేత్రమున, మామాంకపు ఉత్సవ సందర్భమున, ఈ పద్ధతి పండితసమ్మతి పొందినదని సంప్రదాయము చెప్పుచున్నది. మరల ఏడువందల ఏండ్లకు అదియు తప్పసాగెను. అప్పుడు పరమేశ్వరుడు నిళానదీముఖమున కూర్చుండి గ్రహణములను, గ్రహయోగములను పరిశీలించి, క్రీ. శ. 1431లో దృగ్గణితమును రచించెను. పరమేశ్వరుడు ఏబదియైదు సంవత్సరములు ఆకాశమును పరీక్షించెనని నీలకంఠుడే చెప్పుచున్నాడు. ఒక మానవుని ఆయుర్దాయములో ఇది ఎంత భాగమో ఆలోచించినచో ఆ ఓర్పు యొక్క విలువ తెలియును.

పరమేశ్వరుడు పనిని చేసి చూపెను. ఆ పని చేయుటకు మానవునికి అధికారమెట్లు కలిగెనను ప్రశ్నకు సమాధానము చెప్పుట అతని ప్రశిష్యుని వంతు అయ్యెను.

జ్యోతిర్మీమాంసలో పూర్వపక్షము చాల బలముగ నిలుపబడినది. ఆర్యభటుడు తపస్సుచే బ్రహ్మను మెప్పించి, గ్రహభగణసంఖ్యలను ఆయననుండియే ఉపదేశముగ పొందెనని కొందరి విశ్వాసము. సూర్యసిద్ధాంతము సూర్యునివలన లభించినదని మరికొందరి విశ్వాసము. దేవతలు చెప్పిన సంఖ్యలను పరీక్షింప మానవుడెవ్వడు? సర్వజ్ఞుని వాక్యమును తప్పులెన్నుట అపచారము కాదా? ఆనాటి శిష్టసమాజములో ఇది ఎట్టి ఆక్షేపణయో చెప్పనక్కరలేదు. నీలకంఠుడు నాస్తికుడు కాడు. అగ్నిహోత్రము వేల్చి, సోమయాగము చేసినవాడు. అతడు దైవానుగ్రహమును కాదనలేదు. ఆ అనుగ్రహము ఏ రూపమున ఫలించునన్నదే అతని విచారము. దేవతాప్రసాదము బుద్ధికి నైర్మల్యమును ప్రసాదించును. అంతియే కాని బ్రహ్మయో సూర్యుడో స్వయముగ దిగివచ్చి లెక్కలు చెప్పిపోవుట జరుగదు. నిర్మలమైన బుద్ధి గలవాడు ఆకాశమును చూచి, చూచినదానినుండి ఊహించి, సంఖ్యలను నిర్ణయించును. ఇట్లు ఒక్క మాటతో నీలకంఠుడు ఆర్యభటుని మహిమను తగ్గింపక, ఆర్యభటుని సంఖ్యలను పరీక్షకు తెరచి ఉంచెను. అనుగ్రహము బుద్ధికి సంబంధించినదైనచో, అట్టి బుద్ధి మరల మరియొకనికి కలుగరాదను నియమము లేదు కదా.

రెండవ ఆక్షేపణ దీనికంటె సూక్ష్మమైనది. సిద్ధాంతములు అనేకములు, వానిలో సంఖ్యలు పరస్పరము భిన్నములు. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దముననే అయిదు సిద్ధాంతములను ఒకచోట చేర్చి చూపెను. ఇన్ని భేదములున్నప్పుడు ఈ శాస్త్రమునే విడిచిపెట్టుట మేలు కాదా అని మందబుద్ధి నిరాశపడును. నీలకంఠుని సమాధానము ఇది: ఏ సిద్ధాంతమైనను తన కాలమున ఆకాశముతో సరిపడియే యుండెను, కాలాంతరమున తప్పినది. కావున వానిలో ఏది శాశ్వతసత్యము అని వెదకుట వ్యర్థము. నేడు దృష్టికి సరిపడునది ఏదో దానిని వెదకవలెను. ఏదియు సరిపడనిచో గ్రహణాదులను యంత్రసాయమున పరీక్షించి, భేదమును గుర్తించి, క్రొత్త సిద్ధాంతమును నిర్మింపవలెను. ఇట్లు చేయువాడు ఇహపరములలో నిందకు పాత్రుడగునను భయము నిరాధారము. దృష్టికి విరుద్ధమైన లెక్కను పట్టుకొని వ్రేలాడుటయే నిందకు తగినది.

ఈ వాదమున మీమాంసకుల ప్రమాణపరిభాష అడుగడుగున వినియోగింపబడినది. గ్రంథమునకు జ్యోతిర్మీమాంస యని పేరు పెట్టుటలోనే ఆ అభిప్రాయము స్పష్టము. గ్రహము ఈనాడు ఇచ్చట కనబడుచున్నదనుట ప్రత్యక్షము. అది వేల సంవత్సరములలో ఎన్ని పర్యాయములు తిరుగునో ఎవ్వరును కంటితో చూడలేరు. అది అనుమానమువలన తెలియవలసినది. ఆ అనుమానమునకు వ్యాప్తి గణితము. మరి ఉపదేశమునకు స్థానము లేదా? కలదు. ఒక మానవుని జీవితకాలము శనైశ్చరుని గతిని నిర్ణయించుటకు చాలదు. శని ఒక్క పర్యాయము రాశిచక్రమును చుట్టివచ్చుటకు ఇంచుమించు ముప్పది సంవత్సరములు పట్టును. కావున పూర్వులు చూచినది మనకు అందవలెను, మనము చూచినది తరువాతివారికి అందవలెను. ఈ అవిచ్ఛిన్నమైన అందజేతయే సంప్రదాయము.

ఇచ్చటనే నీలకంఠుని భావనలోని నవ్యత గోచరించును. సాధారణముగ సంప్రదాయమనగా మార్పులేని దానిని మార్పులేకుండ నిలుపుకొనుట యని అర్థము చేసికొందురు. నీలకంఠుని మతమున నిలుపుకొనవలసినది సంఖ్య కాదు, పరీక్ష. గురువు ఇచ్చిన సంఖ్యను శిష్యుడు ఆకాశముతో సరిచూడకున్నచో సంప్రదాయము తెగినదే యగును. సరిచూచి, తప్పినచో దిద్ది, తన శిష్యునికి అప్పగించినప్పుడే అది కొనసాగును. గురుభక్తికిని సత్యనిష్ఠకును వైరుధ్యము లేని మార్గమును అతడు ఇట్లు కనుగొనెను. పరమేశ్వరుడు హరిదత్తుని దిద్దెను. హరిదత్తుడు ఆర్యభటుని దిద్దెను. దిద్దినవారెవ్వరును తమ గురువులను తిరస్కరించినవారు కారు.

గణితవిషయమునను నీలకంఠుడు ఇట్టి విచారణనే సాగించెను. ఆర్యభటీయమునకు అతడు వ్రాసిన భాష్యము అతని రచనలలో మకుటాయమానము. గణిత, కాలక్రియ, గోల పాదములకు విస్తృతవ్యాఖ్యయైన ఈ గ్రంథమును అతడు వార్ధక్యమున రచించెను. పూర్వము నేత్రనారాయణుని కుతూహలము తీర్చుటకై వివరించిన యుక్తులను, వయసు మీరిన తరువాత, భాస్కరాదులు వేరొక విధముగ వ్యాఖ్యానించిన పద్ధతుల ఉపపత్తులను చూపుటకై వ్రాయబూనితినని అతని చెప్పికోలు. సూత్రమిచ్చి విడిచిపెట్టుట అతనికి రుచింపదు. అది ఏల నిజమో చెప్పవలెను.

వృత్తమునకు సంబంధించిన చర్చ ఇందుకు నిదర్శనము. వ్యాసము 20000 అయినచో పరిధి 62832 అని ఆర్యభటుడు చెప్పి, అది ఆసన్నము, అనగా ఇంచుమించు విలువ మాత్రమే యనెను. నీలకంఠుడు ఈ ఒక్క పదముకడ ఆగిపోయెను. నిజమైన విలువను విడిచి ఆసన్నమైన దానినే చెప్పనేల? చెప్పలేకపోవుటకు కారణమేమి? అతని సమాధానము అపూర్వమైనది. ఏ కొలబద్దతో వ్యాసమును కొలిచినచో శేషము మిగులదో, అదే కొలబద్దతో పరిధిని కొలిచినచో శేషము మిగులును. పరిధిని నిశ్శేషముగ కొలుచు కొలబద్ద వ్యాసమునకు సరిపడదు. కొలబద్దను ఎంత చిన్నది చేసినను శేషము అల్పమగును గాని శూన్యము కాదు. రెంటిని నిశ్శేషముగ కొలుచు మానము ఎన్నటికిని లభింపదు. నేటి పరిభాషలో దీనికి అర్థము, పరిధి వ్యాసముల నిష్పత్తి అకరణీయసంఖ్య యని. నీలకంఠుడు దీనికి సమగ్రమైన నిరూపణము చూపలేదు. యూరపులో లాంబర్టు 1761లో దానిని నిరూపించెను. కాని కొలత అసంపూర్ణమగుటకు కారణము గణకుని అసామర్థ్యము కాదు, వస్తుస్వభావమే యని గుర్తించుట సామాన్యమైన చూపు కాదు.

అసన్నమన్నంత మాత్రమున అశ్రద్ధ చూపనక్కరలేదు. శేషమును కావలసినంత తగ్గించుట మానవుని చేతిలోనిదే. కేరళగణితపరంపరకు మూలపురుషుడైన సంగమగ్రామ మాధవుడు వ్యాసము 900000000000 అయినచో పరిధి 2827433388233 అని నిర్ణయించినట్లు నీలకంఠుడు ఈ భాష్యముననే ఉదాహరించెను. దశాంశస్థానములలో చెప్పినచో ఇది పదునొకండు స్థానములవరకు సరియైనది.

అంతులేని సంకలనమును గూర్చిన విచారము కూడ ఈ భాష్యమున కలదు. నాలుగవ వంతు, దానిలో నాలుగవ వంతు, మరల దానిలో నాలుగవ వంతు, ఇట్లు కూడుచు పోయినచో మొత్తము మూడవ వంతును చేరుననుట గణకులకు తెలిసినదే. నీలకంఠుని ప్రశ్న వేరు. ఆ మొత్తము అంతవరకే పెరుగునని, అంతవరకు పెరిగి తీరునని ఎట్లు తెలిసినది? రెండు భాగములు గల ఈ ప్రశ్నలో చాల వివేకమున్నది. దాటిపోదనుట ఒకటి, చేరకుండ మధ్యలో నిలిచిపోదనుట మరియొకటి. మూడవ వంతునుండి నాలుగవ వంతును తీసినచో పండ్రెండవ వంతు మిగులును. అది తీసిన నాలుగవ వంతులో మూడవ వంతే. దానినుండి పదునారవ వంతును తీసినచో నలుబదియెనిమిదవ వంతు మిగులును. అదియు తీసిన పదునారవ వంతులో మూడవ వంతే. ప్రతి అడుగునను మిగులునది కడపట తీసినదానిలో మూడవ వంతు. తీసినది చిన్నదగుచున్నకొలది మిగిలినదియు చిన్నదగును. మొత్తము మూడవ వంతును దాటదు. దానికి ఎంత దగ్గరగ కావలెనన్న అంత దగ్గరకు వచ్చును. ఫలితముతో తృప్తిపడక, ఆ ఫలితము మనకు తెలిసిన విధమును ప్రశ్నించుటయే తత్త్వవేత్త లక్షణము.

ఈ తత్త్వము ఆచరణలో ఎట్టి ఫలమిచ్చినదో తంత్రసంగ్రహము చూపుచున్నది. ఎనిమిది అధ్యాయముల ఈ గ్రంథపు తొలి పద్యమునను తుది పద్యమునను కటపయాది సంకేతముతో దినసంఖ్యలు ఇమిడియున్నవని వ్యాఖ్యాత శంకరవారియర్ తెలిపెను. అవి 1680548, 1680553. అనగా క్రీ. శ. 1500 మార్చి 22న ఆరంభించి, 27న ముగించినట్లు. ఈ గ్రంథమున బుధ శుక్రుల విషయమై నీలకంఠుడు చేసిన మార్పు ప్రసిద్ధమైనది.

గ్రహముల స్ఫుటస్థానమును కనుగొనుటకు పూర్వులు రెండు సంస్కారములు చేయుచుండిరి. గ్రహము తన కక్ష్యలో ఒకచోట వడిగను, ఒకచోట మందముగను నడచుటచే కలుగు భేదమునకు మందసంస్కారము. నేటి భాషలో చెప్పినచో, సూర్యుని చుట్టు తిరుగు గ్రహమును భూమినుండి చూచుటచే కలుగు భేదమునకు శీఘ్రసంస్కారము. కుజ గురు శనులకు ఈ పద్ధతి చక్కగ నడచెను. బుధ శుక్రులు ఎన్నడును సూర్యుని విడిచి దూరము పోరు. కావున పూర్వులు మధ్యమసూర్యుని స్థానమునే వారి మధ్యమస్థానముగ గ్రహించి, వారి నిజగతిని శీఘ్రోచ్చమను వేరొక పేరుతో లెక్కించిరి. దీనివలన బుధుని మందసంస్కారము బుధునికి కాక సూర్యుని మధ్యమస్థానమునకు చేసినట్లయ్యెను. కాని విక్షేపమును, అనగా గ్రహము క్రాంతివృత్తమునుండి ఎంత తొలగియున్నదను దానిని గణించునప్పుడు మాత్రము వారు శీఘ్రోచ్చమునే ఆధారముగ తీసికొనిరి. అట్లు కాకున్న లెక్క ఆకాశముతో సరిపడదు.

ఒకని విక్షేపము మరియొకని గతివలన ఎట్లు కలుగును? ఇది నీలకంఠుని ప్రశ్న. లెక్క సరిపడుచున్నది కదా యని ఊరకుండుట అతని తరము కాలేదు. శీఘ్రోచ్చమని పిలువబడుచున్నది మరియొకటి కాదు, ఆ గ్రహమే యని అతడు నిశ్చయించెను. మందసంస్కారమును దానికే చేసెను. భాష్యమున ఇంకను ముందునకు పోయి, బుధ శుక్రుల కక్ష్యలు భూమిని చుట్టి లేవని, భూమి వాని వెలుపలనే యున్నదని, సూర్యునితో పాటు కొనిపోబడుటచేతనే వారు సంవత్సరమున రాశిచక్రమును పూర్తిచేయుదురని వివరించెను. సిద్ధాంతదర్పణాది గ్రంథములలో అయిదు గ్రహములును మధ్యమసూర్యుని కేంద్రముగ చేసికొని తిరుగుననియు, ఆ సూర్యుడు భూమిచుట్టు తిరుగుననియు ఒక సమగ్రచిత్రమును రూపొందించెను. యూరపులో టైకో బ్రాహీ ఇట్టి వ్యవస్థను ప్రకటించినది 1588లో. ఈ సామ్యమును 1994లో రామసుబ్రహ్మణియన్, శ్రీనివాస్, శ్రీరాము అను ముగ్గురు పరిశోధకులు సవిస్తరముగ చర్చించిరి.

ఇచ్చట అతిశయోక్తికి లోబడకుండుట అవసరము. నీలకంఠుడు భూమిని కదలింపలేదు. అతని విశ్వమున భూమి స్థిరముగనే యున్నది. కోపర్నికసు 1543లో చేసినది వేరు, నీలకంఠుడు చేసినది వేరు. ఒకరికి మరియొకరిని సమముచేసి చూపుటవలన ఇరువురికిని న్యాయము జరుగదు. నీలకంఠుని గొప్పతనము ముందుగ చెప్పుటలో లేదు. లెక్క కుదిరిన పిమ్మట కూడ అర్థము కుదురలేదని గుర్తించుటలో నున్నది. ఫలితము సరియైనను ఉపపత్తి తప్పైనచో శాస్త్రము పూర్తికాలేదని అతని నిశ్చయము. పంచాంగకర్తకు ఫలితము చాలును, తత్త్వవేత్తకు చాలదు.

నీలకంఠుని తరువాత ఈ పరంపర కొంతకాలము వర్ధిల్లెను. శంకరవారియర్ తంత్రసంగ్రహమునకు వ్యాఖ్యలు వ్రాసెను. దామోదరుని మరియొక శిష్యుడైన జ్యేష్ఠదేవుడు క్రీ. శ. 1530 ప్రాంతమున మలయాళమున యుక్తిభాషను రచించెను. సూత్రములకు ఉపపత్తులను దేశభాషలో విస్తరించి చెప్పిన ఆ గ్రంథము భారతీయ గణితవాఙ్మయమునకే అలంకారము. పిమ్మట తాటియాకులు మూలపడినవి. ఈస్టిండియా కంపెనీ కొలువున మలబారులోనుండిన చార్లెస్ విష్ ఈ గ్రంథములను గూర్చి వ్రాసిన వ్యాసము 1834 ప్రాంతమున రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమయ్యెను. అప్పటికే అతడు మరణించియుండెను. ఆ వ్యాసమును చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు. నూరేండ్లు దాటిన తరువాత, 1944లో ముకుంద మారార్, సి. టి. రాజగోపాలు ఈ గణితమును మరల ఆధునికుల దృష్టికి తెచ్చిరి. ఆర్యభటీయభాష్యము 1930 మొదలు 1957 వరకు తిరువనంతపుర సంస్కృతగ్రంథమాలలో మూడు సంపుటములుగ వెలువడెను. జ్యోతిర్మీమాంసను కె. వి. శర్మ 1977లో పరిష్కరించి హోషియార్‌పూరునుండి ప్రకటించెను. అనగా 1504లో వ్రాయబడిన ప్రమాణచర్చ అచ్చులో చదువుకొనుటకు నాలుగువందల డెబ్బదిమూడు సంవత్సరములు పట్టినది. ఆకాశమును పరీక్షింపుమన్న ఆచార్యుని గ్రంథమునే ఇంతకాలము ఎవ్వరును పరీక్షింపలేదు.

అతడు లేవనెత్తిన ప్రశ్న మాత్రము పాతబడలేదు. 1952లో భారతప్రభుత్వము మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగసంస్కరణ సంఘమును నియమించెను. దాని సిఫారసులననుసరించి 1957 మార్చి 22న జాతీయపంచాంగము అమలులోనికి వచ్చెను. అయినను దృక్సిద్ధాంతమను పేర ఒక పంచాంగము, పూర్వసిద్ధాంతమను పేర మరియొక పంచాంగము తెలుగుదేశమున నేటికిని ప్రక్కప్రక్కనే అమ్ముడుపోవుచున్నవి. ఒక్కొక్క యేడు ఒకే పండుగ రెండు దినములలో వచ్చును. ఇరుపక్షములవారును సంప్రదాయమును రక్షించుచున్నామనియే చెప్పుదురు. వారి వివాదమున నీలకంఠుడు తీర్పరిగ కూర్చున్నచో ఏ పంచాంగము ప్రాచీనమని అడుగడు. వచ్చు గ్రహణమునకు స్పర్శకాలమును ఇరువురును వ్రాసియుంచుడని చెప్పి, ఆ రాత్రి ఆరుబయట కూర్చుండును.